నాలుగో పేపరుకు ఒక్కటి తక్కువ

ఆదోనిలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు మేడ మీద ఉంటుంది. పత్తి సీజన్లో కిటికీ తెరిస్తే, మార్కెట్ యార్డుకు పోయే బండ్ల నుంచి లేచిన దూది వచ్చి కీబోర్డుల మీద వాలుతుంది. మూస్తే ఉడికిపోతాం. ఒక ఏసీ పెట్టించమని నేను ప్రిన్సిపాల్‌తో పోట్లాడని నెల లేదు. నాకు ముక్కుమీద కోపమని కాలేజీ అంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. కోపం రానివాళ్లకు మా కాలేజీలో సుద్దముక్క కూడా అందదు.

రెండేళ్ల కిందట, వానలు మొదలైన రోజుల్లో, ప్రిన్సిపాల్ పిలిపించి ఒక ఉత్తర్వు చూపించాడు. మా కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కింద నడుస్తుందో అక్కడి నుంచి వచ్చింది. ఇకమీదట పీహెచ్‌డీ విద్యార్థులకు గైడుగా ఉండాలంటే ఆ అధ్యాపకుడి హెచ్ ఇండెక్స్ కనీసం నాలుగు ఉండాలట. లేనివాళ్లను గైడుగా ఒప్పుకోరట. చలికాలం దాటేలోగా మా స్టాఫ్ అందరి స్కోర్లూ లెక్కగట్టి పంపాలట.

“ఇది మీ కంప్యూటరోళ్ల పని మేడం” అన్నాడు ప్రిన్సిపాల్.

మా కాలేజీలో ఫ్యాను తిరక్కపోయినా అది కంప్యూటర్ వాళ్ల పనే. సరేనన్నాను.

హెచ్ ఇండెక్స్ ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఒక మనిషి రాసిన పరిశోధన వ్యాసాలను, వాటిని మేం పేపర్లంటాం, ముందు వరుసలో పెట్టాలి. ఏ పేపరును ఎక్కువమంది ఇతరులు తమ రాతల్లో పేర్కొన్నారో, అంటే దేనికి ఎక్కువ సైటేషన్లు వచ్చాయో, అది మొదట. తర్వాత దానికంటే తక్కువది, ఆ తర్వాత ఇంకా తక్కువది. బడిలో ప్రార్థనకు పిల్లల్ని ఎత్తుల వారీగా నిలబెట్టినట్టే, కాకపోతే ఇక్కడ పొడుగువాడు ముందుంటాడు. అప్పుడు మొదటి నుంచి అడుగుతూ పోవాలి. మొదటిదానికి కనీసం ఒక సైటేషన్ ఉందా? రెండోదానికి కనీసం రెండున్నాయా? మూడోదానికి మూడు? ఎక్కడ లేదని జవాబొస్తే అక్కడ ఆగిపోవాలి. ఆగేముందు ఏ అంకె దాటామో అదే ఆ మనిషి స్కోరు. రెండో సంవత్సరం పిల్లలకు ల్యాబులో ఇచ్చే లెక్క ఇది. ఒక సార్టింగు, ఒక లూపు, అంతే. నేను టీ తాగుతూ రాసి పడేశాను.

ప్రోగ్రాం తయారైందని తెలియగానే స్టాఫంతా ఒక్కొక్కరే మేడెక్కడం మొదలుపెట్టారు. జాతకం చూపించుకోవడానికి వచ్చినట్టే వచ్చేవాళ్లు. ఫిజిక్స్ ఆయనకు సున్నా వచ్చింది. “ఇంగోసారి నొక్కండి మేడం” అన్నాడు. నొక్కాను. మళ్లీ సున్నాయే. “కరెంటు సరింగ ల్యాదేమో” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంగ్లీషు ఆవిడకు ఒకటి వస్తే కింద స్టాఫ్ రూములో స్వీట్లు పంచింది. వాళ్లెవరికీ గైడు కావాలన్న కోరిక లేదు కాబట్టి ఎవరికీ ఏ నష్టమూ లేదు.

నష్టం ఉన్నది మా ఎకనామిక్స్ సార్‌కు.

సార్ ఆదోని మనిషి. వాళ్ల నాన్న ఇక్కడే పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేశాడు. తాత ఆస్పరి దగ్గర ఒక పల్లెలో పీర్ల చావిడి చూసుకునే ముజావర్. సార్‌కు రిటైర్మెంటు దగ్గర పడింది. పాత మోపెడ్ మీద, భుజాన గుడ్డ సంచితో, ఈ చుట్టుపక్కల ఆయన తిరగని పల్లె లేదు. సెలవు దొరికితే చాలు ఎక్కడో ఒకచోట ఎవరి అరుగు మీదో కూర్చుని, వాళ్లు పెట్టిన ఉగ్గాని తింటూ ప్రశ్నలు అడుగుతుంటారు. అట్లా తిరిగి రాసిన పేపర్లు కొన్నే ఉన్నాయి. ఆయనకు రాసే తొందర ఎప్పుడూ లేదు.

వాటిలో పెద్దది సుగ్గి పేపరు. మా పడమటి పల్లెల్లో, మరీ ముఖ్యంగా కోసిగి దిక్కు, ఇక్కడి పంట పనులైపోయాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతాయి. పిల్లాజెల్లాతో లారీలెక్కి గుంటూరు దిక్కు మిరపకోతలకు పోతారు. దాన్నే మేం సుగ్గికి పోవడం అంటాం. సార్ ఒక ఏడాది ఆ లారీలోనే వాళ్లతో పాటు పోయి, మిరపచేల గట్ల మీద వాళ్ల గుడారాల పక్కన ఉండి, బడి మానేసిన పిల్లల గురించి రాశారు. ఆ పేపరు ఎక్కడెక్కడికో పోయింది. మాకు నోరు తిరగని పేర్ల వాళ్లు, ఏ దేశాల వాళ్లో, దాన్ని తమ పుస్తకాల్లో పేర్కొన్నారు. తర్వాత ఆస్పరి టమాటా రైతుల మీద ఒకటి, దేవనకొండ దిక్కు ఎండిన బోర్ల మీద ఒకటి. నాలుగోది మా ఎమ్మిగనూరు నేత ఇళ్ల మీద.

ఆ నాలుగోదాని సంగతి నాకు బాగా తెలుసు. మాది ఎమ్మిగనూరే. మా నాయన మగ్గం నేసేవాడు. నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో సార్ మా ఇంటికి వచ్చి మగ్గం పక్కన చాప మీద కూర్చున్నారు. ఏదో సర్కారు మనిషి, ఎక్కువ చెప్తే ఏదైనా వస్తుందేమో అనుకుని మా నాయన తన పని గంటలు పెంచి చెప్పాడు. సార్ అన్నీ కూడుకుని, “అన్నా, నువ్వు చెప్పిన గంటలు ఒక దినంలో పట్టవు” అని నవ్వారు. తర్వాత మా అమ్మను అడిగారు, నువ్వేం పని చేస్తావమ్మా అని. “నేనేం పని చేస్తా సార్, ఊరికే ఇంట్లోనే ఉంటా” అంది మా అమ్మ. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె చేతులు రాట్నం మీద మగ్గానికి నూలు కండెలు చుడుతూనే ఉన్నాయి. ఆ పేపరు ఆ మాటతోనే మొదలవుతుంది.

ఆ ఏడాది సార్ దగ్గర పీహెచ్‌డీ చేయాలని ఒక అమ్మాయి కాచుకుని ఉంది. కోసిగి దగ్గర పల్లె. సుగ్గి లారీల్లో పెరిగిన పిల్ల. డిగ్రీ మా కాలేజీలో సార్ దగ్గరే చదివి, బయట ఎమ్మే చేసి, పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష గట్టెక్కింది. ఇక గైడు ఒకరు ఒప్పుకుంటే సీటు ఖాయం. సుగ్గికి పోయే కుటుంబాల మీద పని చేయించగలిగిన గైడు ఈ దిక్కంతా చూసినా సార్ ఒక్కరే. ఆ ఏడాది దాటితే ఆమె రాసిన పరీక్ష చెల్లదు. వాళ్లమ్మకు ఇదే కడసారి అని చెప్పి ఒప్పించుకుంది. సీటు రాకపోతే తాను కూడా సుగ్గికి వస్తానని మాట ఇచ్చింది.

సార్ స్కోరు చూసుకోవడానికి మేడెక్కినప్పుడు ఆ అమ్మాయి కూడా వెంట వచ్చింది. ఇద్దరూ నా వెనక నిలబడ్డారు. ముందు సైటేషన్ల వరుస తెర మీదికి వచ్చింది. సుగ్గి పేపరుకు రెండు వందల పైచిలుకు. టమాటాకు తొమ్మిది. బోర్లకు నాలుగు. నేత ఇళ్లకు మూడు. మిగతావాటికి ఒకటీ అరా. కింద స్కోరు మూడు అని పడింది.

“మూడేందమ్మా? మొదటిదానికే రెండొందలుండాయి కదా?” అన్నారు సార్.

“ఉన్నాయి సార్. మొదటిదాన్ని అడిగే ప్రశ్న ఒకటే. నీకు కనీసం ఒకటుందా అని. ఒకటున్నా, రెండొందలున్నా దాని లెక్క అంతే.”

“మరి మిగిలిండేవి?”

“వాటిని ఎవరూ అడగరు సార్. నాలుగోదానికి నాలుగుండాలి, మూడే ఉన్నాయి. ఒక్కటి తక్కువ.”

ఆ అమ్మాయి తెర మీద నేత పేపరు పక్కనున్న మూడును చూస్తూ ఉండిపోయింది. సార్ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని నవ్వారు.

“మా తాత ముజావర్ కదమ్మా. మొహర్రం వస్తే చావిట్లో పీర్లను వరసగా నిలబెడ్తాండ్రి. సాయిబులూ, హిందువులూ, ఊరంతా చక్కెర తెచ్చి పీర్ల ముందర పెట్టి ఫాతెహా సదివిచ్చుకుంటాండ్రి. అందరి చక్కెరా పెద్ద పీరు ముందరే. చీమలు పట్టేంత కుప్ప. కడాన నిలబడిండే సిన్న పీరు ముందర పలుకు గూడా ఉండేది కాదు. జనం పోయినాక మా తాత పెద్దాయన ముందర్నించి ఒక పిడికెడు తీసి సిన్నాయన ముందర పెట్టేటోడు. ‘అన్నదమ్ములే కదా, ఏమనుకోడులే’ అనేటోడు.” నా వైపు తిరిగారు. “నీ ప్రోగ్రాంలో అట్ల ఒక పిడికెడు తీసి పెట్టేదానికి ల్యాదా?”

“లేదు సార్.”

ఆ అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాళ్లు దిగిపోయాక నేను రాసిన ఆ నాలుగు లైన్లనూ మళ్లీ మళ్లీ చదివాను. బోర్డు మీద సుద్దముక్కతో చేత్తో కూడా చేసి చూశాను. నా ప్రోగ్రాంలో తప్పుంటే బాగుండునని నేను కోరుకోవడం అదే మొదటిసారి. తప్పేమీ లేదు. అది చేయాల్సింది అది చక్కగా చేస్తోంది. తప్పుంటే దిద్దుకోవచ్చు, తప్పు లేనిదాన్ని ఏం చేయాలి?

మర్నాడు స్టాఫ్ రూములో సార్‌ను పట్టుకున్నాను. ఆయన పాత శిష్యులు చాలామంది ఇప్పుడు పరిశోధనల్లోనూ, కాలేజీల్లోనూ ఉన్నారు. ఆడవాళ్ల పని గురించో, పల్లెల కూలి గురించో రాసేవాళ్లు వాళ్లలో ఎవరో ఒకరు ఉండకపోరు. నేత పేపరును ఒక్కచోట పేర్కొనమని అడగండి సార్ అన్నాను.

“నా పేపరు పెట్టుకోండప్పా అని నోరు తెరిచి అడిగేదా? ఇంగ నా ఇజ్జత్ ఏం మిగుల్తాదమ్మా?”

“ఒక్కటి సార్. ఒకే ఒక్కటి.”

“ఒకటైనా నూరైనా అడుక్కునేది అడుక్కునేదే.”

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆ అమ్మాయి భవిష్యత్తు మీ పరువు కంటే చిన్నదా అని కూడా అనేశాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని సంచి సర్దుకుని క్లాసుకు పోయారు. ఆయన్ను బాధపెట్టి నేను సాధించిందేమీ లేదు.

ఆయన అడగనిది ఆ అమ్మాయి అడిగింది. సార్ పాత శిష్యులకు ఫోన్లో ఒక గ్రూపుంది. సార్‌కు తెలియకుండా అందులో మాట పెడతానని నా దగ్గరికి వచ్చింది. ఏం చెప్పాలో నేనే చెప్పాను. నా ఎదురుగానే మాట్లాడి పంపింది. “అన్నా, అక్కా, మన సార్ పేపర్లలో నేతోళ్ల ఇండ్ల పేపరుకు ఒక్క సైటేషన్ కావల్ల. సుగ్గి పేపరు కాదు, నేతోళ్లది. మీరు రాసేదాంట్లో పనికొస్తాదంటేనే పెట్టండి. సార్‌కు తెలియనియ్యొద్దు.” నిమిషాల్లో జవాబులు వచ్చి పడ్డాయి. దండాలు, గుండెలు, ‘సార్ కోసం ఏదైనా’ అనే మాటలు. కొండంత ధైర్యం వచ్చింది నాకు. ఇంతమందిలో ఒక్కరు చాలు కదా అనుకున్నాను.

నా వంతుగా నేనూ ఒక ప్రయత్నం చేశాను. ఈ స్కోరును పిల్లలకు ఎలా నేర్పాలో ఒక చిన్న వ్యాసం రాసి, కంప్యూటర్ పాఠాల పత్రిక ఒకదానికి పంపాను. అందులో ఉదాహరణగా పేరు చెప్పకుండా సార్ వరుసనే పెట్టి, నేత పేపరును వ్యాసం చివర పేర్కొన్నాను. కొన్ని వారాలకు జవాబొచ్చింది. చేనేతకూ మీ అంశానికీ సంబంధం ఏమిటో తెలియడం లేదు, దాన్ని తీసేసి పంపండి అని. సంబంధం ఉందని నేను పేజీల కొద్దీ రాశాను. ఈ స్కోరు వల్ల ఎవరికి ఏం పోతుందో కూడా రాశాను. వ్యాసం మొత్తం తిరుగుటపాలో వచ్చేసింది. తీసేసి పంపినా నాకు దానితో పనేముంది? ఆ లైను కోసమే కదా ఆ వ్యాసం రాసింది.

చలి మొదలైంది. ల్యాబు తెరవగానే, వచ్చిన పిల్లలకు అటెండెన్సు వేయకముందే, నేను చేసే పని సార్ లెక్క చూడడం. అంకె మారడం మొదలైంది. మొదటిసారి మారినప్పుడు కుర్చీలోంచి లేచిపోయాను. తీరా చూస్తే పెరిగింది మొదటిదానికి. సుగ్గి పేపరుకు. సరేలే, మొదటిది అలవాటు కొద్దీ ఎవరో పెట్టి ఉంటారు అనుకున్నాను. తర్వాత మళ్లీ మొదటిదానికే. మళ్లీ మొదటిదానికే. రెండు వందల చిల్లర కాస్తా రెండు వందల ముప్పై దాటింది. నాలుగోది మూడు దగ్గర ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. స్కోరు మూడు.

బళ్లారిలో లెక్చరర్‌గా ఉన్న శిష్యుడికి ఫోన్ చేశాను. అతడు మన కోసిగి పిల్లవాడే, ఇప్పుడు పెళ్లాం పిల్లలతో అక్కడే స్థిరపడ్డాడు.

“నేను పెట్టినా కదా మేడం!” అన్నాడు సంతోషంగా. “సుగ్గి పేపరు పెట్టినా. ప్రింటైపోయింది గూడా.”

“నేత పేపరు కదయ్యా పెట్టమన్నది?”

“అది ఎవరో ఒకరు పెడ్తార్లే అనుకుంటి మేడం. మన సార్ అంటే అదే కదా. మేమందరం ఆ లారీలోండి దిగొచ్చినోళ్లమే. సార్‌కు ఏదో ఒకటి ఇచ్చుకోవల్లంటే పెద్దదానికే ఇచ్చుకోవల్ల అనిపిచ్చె.”

ఇంకొకరికి చేశాను. ఆమె రాయచూరు దగ్గర పిల్లల మీద పనిచేసే సంస్థలో ఉంది. ఆమె కూడా సుగ్గి పేపరే పెట్టింది. “మా అవ్వ చెప్పిన మాట ఒకటి ఉంటాది మేడం అందులో” అంది. నేత పేపరు సంగతి అడిగితే, ఇంతమందిమి ఉన్నాం, ఎవరూ పెట్టలేదా అని ఆమే ఆశ్చర్యపోయింది. ఎవరిని అడిగినా అదే జవాబు. అందరూ ప్రేమతోనే తెచ్చారు. అందరూ తెచ్చి పెద్ద పీరు ముందే పోశారు. కడాన ఉన్నదాని ముందు ఎవరో ఒకరు పెడతారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు.

నాకు కోపం రావలసిన చోట రాలేదు. వాళ్లను ఏమని తిట్టను? ఇంత ప్రేమను పెట్టుకుని ఒక్క అంకె కదపలేని ఆ లూపును తిట్టాలి. దానికి చెవులు లేవు. మళ్లీ రాయమని అడగడానికి ఇక వ్యవధి కూడా లేదు. ఇప్పుడు రాస్తే అది అచ్చయి లెక్కలోకి వచ్చేసరికి ఎండాకాలం దాటిపోతుంది.

జాబితా పంపాల్సిన రోజు ప్రిన్సిపాల్ గదిలో నేనూ సార్ కూర్చున్నాం. వాళ్ల కళ్ల ముందే ఇంకోసారి నొక్కాను. మూడు. ప్రిన్సిపాల్ మంచివాడే, నేను ఎన్నిసార్లు పోట్లాడినా. గొంతు తగ్గించి, “ఒకటే కదా మేడం. మూడును నాలుగని టైపు చేస్తే ఎవరు చూడొస్తారు?” అన్నాడు. నా చేతులు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. నిజం చెప్తున్నాను, ఒప్పుకోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

“వద్దప్పా” అన్నారు సార్. “రేపొద్దన ఆ పాప డాక్టరేటు తీస్కునేప్పుడు ఎవడన్నా లేచి, మీ గైడుది దొంగలెక్క అంటే? ఆ పాప తలెత్తుకోవల్ల కదా?”

మూడు అనే పంపాను. కొన్నాళ్లకు విశ్వవిద్యాలయం నుంచి గైడుల జాబితా వచ్చింది. సార్ పేరు అందులో లేదు. ఆ అమ్మాయికి గైడు లేరు కాబట్టి సీటు రద్దయిందని ఆమెకు విడిగా తెలియజేశారు. ఆ వారమంతా సార్ సెలవు పెట్టారు. మోపెడ్ కాలేజీ షెడ్డులో కనిపించకపోతే ఆ చోటు వైపు చూడలేకపోయేదాన్ని.

ఒక పొద్దున ఆ అమ్మాయి ల్యాబుకు వచ్చింది. సార్ దగ్గర తీసుకున్న పుస్తకాలు నాకు ఇచ్చిపోదామని. వాళ్లమ్మ కింద మెట్ల దగ్గర కూర్చుని ఉంది. గుడారానికి టార్పాలిన్ పట్టా కొనడానికి ఇద్దరూ ఆదోనికి వచ్చారట. రెండు రోజుల్లో లారీ బయల్దేరుతుందట.

పుస్తకాలు బల్ల మీద పెట్టి, “కడాకు నేతోళ్ల పేపరుకు ఒక్కరు గూడా పెట్టలేదా మేడం?” అని అడిగింది.

“లేదమ్మా.”

ఆమె బల్ల మీది పుస్తకాలను వరుసగా సర్దింది. “నేను పెట్టినా మేడం” అంది.

నాకు అర్థం కాలేదు. చలికాలంలో అచ్చయిన ఒక సదస్సు సంచికకు ఆమె చిన్న వ్యాసం రాసిందని నాకు తెలుసు. దాంట్లో సుగ్గి పేపరు ఉండడం నా లెక్కలోకి వచ్చింది కూడా.

“రెండూ పెట్టింటి మేడం. ఆ సంచికోళ్లు పేజీలు ఎక్కువైనాయి, కడాన ఉండే పేపర్ల పట్టీలో ఒకటి తగ్గించమనిరి. ఏది తీసేదో నన్నే చూస్కోమనిరి. ఇంతమంది అన్నలూ అక్కలూ ఉండారు కదా, నేతోళ్లది ఎవరో ఒకరు పెట్టే ఉంటార్లే అనుకుంటి. సుగ్గి పేపరు మొదటి పేజీలో ఉండేది మాయమ్మ మేడం. పేరు ల్యాదు. ముగ్గురు బిడ్డల తల్లి అని ఉంటాది, అంతే. మాయమ్మను నా చేత్తోనే ఎట్ల కొట్టేసేది?”

తీసేసిన పేపరు మొదటి పేజీలో మా అమ్మ ఉందని, కండెలు చుడుతూ నేనేం పని చేస్తా అంటూ ఉంటుందని, నేను ఆమెకు చెప్పలేదు. చెప్పి ఏం చేయను? ఆమె చోట నేనున్నా అదే పని చేసేదాన్ని. మా అమ్మను కొట్టేయలేక, నేత పేపరును ఉంచుకుని సుగ్గి పేపరును కొట్టేసేదాన్ని. అప్పుడు అది నాలుగయ్యేది. ఇద్దరమూ మా అమ్మల కోసం చేసే పని ఒకటే, ఆమె చేసినందుకు సీటు పోయింది, నేను చేసుంటే వచ్చేది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల నా చేయి పట్టుకుని నన్నే ఓదార్చింది.

“మంచి పనే చేసినావు” అన్నాను. అబద్ధమో నిజమో నాకే తెలియదు.

ఇద్దరం కిందికి దిగాం. వాళ్లమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. సన్నటి మనిషి, మిరపకాయల పనికి వేళ్ల చివర్లు నల్లబారి ఉన్నాయి. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి, కానీ ఆమె గురించి ఎక్కడెక్కడి వాళ్లో చదివారు.

“మా పాపకు సీటు ఎంతలో తప్పిపోయింది మేడం?” అని అడిగింది. “ఈయమ్మి నాకు సరింగ సెప్పదు. కొంచెంలో పోయిందా?”

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది.

“లేదమ్మా. చానా తక్కువొచ్చింది” అన్నాను. “ఎట్ల చేసినా అందేది కాదు.”

“అట్లనా” అని ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. “కొంచెంలో పోయిందేమోనని కడుపులో రగుల్తాండె మేడం. అందనిదానికి యాం చేస్తాం, పోనీలే.”

కూతురు వంగి, టార్పాలిన్ చుట్ట ఎత్తి తల మీద పెట్టుకుంది.